బుల్లబ్బాయి గారి రెండో అలక

బుల్లబ్బాయి గారికి అరవై ఏళ్ళు నిండుతున్నాయని ఊరంతా ఒప్పుకుంది గానీ ఆయన పేరు మాత్రం ఒప్పుకోలేదు. పుట్టినప్పుడు శివరామకృష్ణ అని పెట్టారు. ఆ పేరు ఆధార్ కార్డు మీదా, పట్టాదారు పాసుపుస్తకంలోనూ ఇప్పటికీ క్షేమంగా ఉంది. ఎవరూ వాడలేదు కాబట్టి కొత్తదానిలాగే ఉంది. ఇంట్లో ఆఖరివాడు కావడం చేత పురిట్లోనే బుల్లబ్బాయి అన్నారు. మీసాలొచ్చాక బుల్లబ్బాయి గారన్నారు. నీటి సంఘానికి ప్రెసిడెంటయ్యాక బుల్లబ్బాయి గారండి అన్నారు. ఆ పైన తగిలించడానికి తెలుగు భాషలో గౌరవం మిగల్లేదు.

గోదావరి జిల్లాల్లో ఇది వింతేమీ కాదు. ఇక్కడ తొంభై ఏళ్ళ పెద్దాయన కాలం చేసినా "అబ్బాయి గారు పోయారండీ" అనే కబురొస్తుంది. విన్నవాళ్ళు కండువా వేసుకుని బయల్దేరతారే తప్ప ఏ అబ్బాయని అడగరు.

భీమవరానికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, కాలవకి ఇవతలి గట్టున ఆయన ఊరు. పదెకరాల వరి, రెండు చేపల చెరువులు, కొబ్బరితోట. ఇవన్నీ ఉన్నా ఆయన అసలు ఆస్తి మొహమాటం. అది తరగలేదు, కౌలుకివ్వలేదు, అమ్ముకోలేదు. విందులో వడ్డించేవాడు ఇంకా పక్క వరసలో ఉండగానే "చాలండి" అనేవారు. ఒకసారి తోటలో కాయలు దింపుకుంటున్న దొంగని పట్టపగలు చూసి, కాసేపు ఆలోచించి, "కింద గండుచీమలున్నాయండి, దిగేటప్పుడు చూసుకోండి" అని చెప్పి వచ్చేశారు. నీళ్ళ కోసం పారలెత్తుకుని వచ్చిన ఇద్దరు రైతులకి ఆయన తీర్పు చెబితే, ఇద్దరూ కాఫీ తాగి, "మీ చేను ముందు తడవనివ్వండి" అంటే "అబ్బే, మీది తడవనివ్వండి" అనుకుంటూ వెళ్ళారు. ఆ ఏడు రెండు చేలూ ఎండిపోయాయి. తీర్పు మాత్రం గొప్పదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంతటి పెద్దమనిషి లోపల ఒక కోరిక ఉంది. అది ఏడేళ్ళ వయసులో పుట్టింది, ఏడేళ్ళ వయసులోనే ఉండిపోయింది.

కాలవకి అవతలి గట్టున వీరబాబు గారి రైసు మిల్లు. దాని బాయిలరు మీద ఒక ఇత్తడి కూత గొట్టం, దానికి వేలాడుతూ ఒక గొలుసు. గొలుసు లాగితే ఆవిరి తన్నుకొచ్చి కూత. పొద్దున ఎనిమిదికి కూస్తే పిల్లలు బడికి పరుగు. ఒంటిగంటకి కూస్తే మూడు ఊళ్ళు అన్నానికి కూర్చోవడం. పేకాటరాయుళ్ళు ముక్కలు మూసేవారు, ఊడ్పు ఆడవాళ్ళు నడుం ఎత్తేవారు, హైస్కూల్లో ఫిన్నీ మాస్టారు చెబుతున్న వాక్యాన్ని కర్మకీ క్రియకీ మధ్య వదిలేసి సుద్దముక్క కింద పెట్టేవారు. మూడు ఊళ్ళ ఆకలి ఒక్క మనిషి చేతిలో ఉండడమనేది కుర్ర బుల్లబ్బాయికి మతిపోయేంత గొప్పగా తోచింది. కలెక్టరు అవుతానన్నవాళ్ళున్నారు, పైలట్ అవుతానన్నవాళ్ళున్నారు. ఆయన మాత్రం ఆ గొలుసు ఒక్కసారి లాగితే చాలనుకున్నారు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరికైనా ఇబ్బందేమోనని.

అదృష్టం ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. ముప్పై ఆరేళ్ళ కిందట ఆ వీరబాబు గారి అమ్మాయి రామతులసితోనే సంబంధం కుదిరింది. ఈ సంబంధంలో బుల్లబ్బాయి గారికి రెండు విషయాలు నచ్చాయి. ఒకటి రామతులసి. రెండోది అలకపాన్పు.

అలకపాన్పు అనేది, ఆలోచించి చూస్తే, మన పూర్వులు చాలా ముందుచూపుతో చేసిన ఏర్పాటు. పెళ్ళయ్యాక కొత్తల్లుణ్ణి ఒక మంచం మీద కూర్చోబెడతారు. అతను మూతి ముడుచుకోవాలి. అత్తవారు వరసగా వచ్చి బతిమాలాలి. ఫలానాది కావాలని అతనడగాలి, వాళ్ళివ్వాలి. జీవితంలో ఒక మగవాడికి నలుగురి మధ్యా, మేళతాళాలతో, పిల్లాడిలా అలగడానికి లోకం అనుమతించేది ఆ ఒక్క పూటే. మర్నాటి నుంచీ అలిగినా ఎవరూ పట్టించుకోరు.

బుల్లబ్బాయి గారు నాలుగు రోజులు అద్దం ముందు సాధన చేసి మరీ మంచమెక్కారు. మూతి బాగానే ముడిచారు. "మిల్లు కూత వెయ్యాలి" అనే వాక్యం నాలిక చివర సిద్ధంగా ఉంది. అప్పుడు వీరబాబు గారు, ఆరడుగుల మనిషి, తెల్లటి పంచెతో వచ్చి, రెండు చేతులూ జోడించి, "ఏం కావాలి బాబూ?" అన్నారు. తండ్రి వయసు మనిషి నిలబడి ఉన్నాడు, చేతులు జోడించి ఉన్నాడు. తను మంచం మీద ఉన్నాడు. పెళ్ళికొడుకు ప్రాణం విలవిల్లాడిపోయింది. దిగ్గున లేచి, "అబ్బే, ఏమీ వద్దండి. తమరు కూర్చోండి" అని మావగారిని భుజాలు పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టేశారు.

అల్లుడు చేతులు కట్టుకు నిలబడగా మావగారు అలకపాన్పు మీద కూర్చున్న ఆ ఫోటో ఇంట్లో ఇప్పటికీ ఉంది. కొత్తవాళ్ళెవరైనా చూస్తే పెళ్ళికొడుకు వీరబాబు గారే అనుకుంటారు. అల్లుడి వినయానికి మురిసిపోయి వాళ్ళు ఒక ఉంగరం తొడిగారు.

తర్వాతైనా అడగొచ్చు కదా అంటే, అల్లుడి హోదాలో మిల్లుకి వెళ్ళినప్పుడల్లా కుర్చీ వేసి, తువ్వాలుతో తుడిచి, చేతికి కూల్‌డ్రింకు ఇచ్చేవారు. కూల్‌డ్రింకు తాగుతున్న అల్లుడు లేచి, ఆ గొలుసు ఓసారి లాగుతానని ఎలా అంటాడు? అలా ఏళ్ళు గడిచాయి. వీరబాబు గారు పోయారు. బావమరిది అమ్మిరాజు మిల్లు చూసుకుంటున్నాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చి, టైము ఎవరికి వారే చూసుకోవడం మొదలెట్టాక కూత ఆగిపోయింది. పన్నెండేళ్ళయింది. గొట్టమూ గొలుసూ మాత్రం అలాగే వేలాడుతున్నాయి.

ఈ మాఘమాసంలో షష్టిపూర్తికి ముహూర్తం పెట్టారు. అదే వారంలో అమ్మిరాజు మాటల్లో మాటగా, "పాత బాయిలరు ఉగాది లోపు పీకించేస్తున్నాం బావగారూ, పాతినుము వాళ్ళతో మాట్లాడేశాను" అన్నాడు. బుల్లబ్బాయి గారు "మంచిదండి" అన్నారు. ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు. ఆ మధ్యాహ్నమే, జీవితంలో మొదటిసారి, ఎవర్నీ అడక్కుండా ఒక నిర్ణయం తీసుకున్నారు. అరవై నలుగురు బంధువులున్న వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టారు:

"షష్టిపూర్తి నాడు భోజనాలకి ముందు అలకపాన్పు కార్యక్రమం ఉంటుందండి. బంధుమిత్రులందరూ సకుటుంబంగా విచ్చేసి నన్ను బతిమాలవలసిందిగా ప్రార్థన."

నిమిషంలో ఆయన కూతురు దేవిశ్రీ నుంచి జవాబొచ్చింది. ఆ అమ్మాయి భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. ఒకే ఒక్క మాట పెట్టింది, ఇంగ్లీషు అక్షరాల్లో: ప్యూరైల్.

గ్రూపులో ఆ మాట ఎవరికీ తెలీదు. తెలీదని చెప్పడం మర్యాద కాదు. అందుచేత కాకినాడ పిన్నిగారు దణ్ణం పెట్టారు. ఒకాయన "కంగ్రాట్స్ అన్నగారూ" అన్నారు. మరొకావిడ కేకు బొమ్మ పెట్టింది. అమ్మిరాజు మాత్రం నిజాయితీపరుడు కాబట్టి, "ఏ కంపెనీదమ్మా?" అని అడిగాడు. సాయంత్రమయ్యేసరికి బుల్లబ్బాయి గారు ప్యూరైల్ అయినందుకు నలభై ఒక్కమంది అభినందించారు.

ఆయనకి అనుమానం తీరలేదు. ఫోన్లో అర్థం వెతికితే 'పిల్లతరహా, చవకబారు' అని వచ్చింది. మొదటి మాట గుచ్చుకోలేదు. రెండోది గుచ్చుకుంది. అయితే ఆయన ముప్పై ఏళ్ళుగా తగువులు తీరుస్తున్న మనిషి. ఫోను తీర్పు చెప్పింది గానీ వాదనలు వినలేదని ఆయనకి తోచింది. కండువా వేసుకుని ఫిన్నీ మాస్టారింటికి బయల్దేరారు.

ఫిన్నీ మాస్టారికి డెబ్భై తొమ్మిది. కుర్రతనంలో ఒక ఫాదర్ దగ్గర లాటిన్ నేర్చుకుని, అది ఎవరికీ అక్కర్లేకపోవడంతో ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఆయన వరండాలో చెక్క స్టాండు మీద బైబిలు, దాని పక్క స్టాండు మీద దానికంటే లావుపాటి డిక్షనరీ ఉంటాయి. రెండిటికీ ఒకే రకం గుడ్డ కప్పి ఉంటుంది.

"మాస్టారూ, ఒక మాట గురించి వచ్చానండి."

"ఎవరన్నారు, ఎవర్ని అన్నారు?"

"మా అమ్మాయి అందండి. నన్నండి."

"అయితే కూర్చో. ఇది టైము పడుతుంది."

మాట విన్నారు. కళ్ళజోడు తుడిచారు. డిక్షనరీ మీద గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, పేజీలు తిప్పి, వేలు పెట్టారు. మందుచీటీ చదివే డాక్టరులా తలాడించారు.

"లాటిన్లో ప్యూయెర్ అంటే అబ్బాయి."

"అబ్బాయాండి?"

"అబ్బాయే. దాన్నుంచి ప్యూరిలిస్. అబ్బాయికి సంబంధించింది అని. అబ్బాయి చొక్కా, అబ్బాయి గొంతు, అబ్బాయి ఆట. అప్పుడప్పుడూ చురకకి కూడా వాడేవారనుకో, ముందర అర్థం మాత్రం అది."

బుల్లబ్బాయి గారికి రోము నగరంలో ఒక దూరపు చుట్టం తగిలినట్టయింది. కుర్చీలో కాస్త ముందుకి జరిగారు. "మరి చవకబారు ఎక్కణ్ణుంచొచ్చిందండి?"

"అక్కడికే వస్తున్నా. ఫ్రెంచి వాళ్ళ మీదుగా ఇంగ్లీషులోకి దిగింది. ఈ పుస్తకం ప్రకారం పదహారు వందల అరవైల్లో. దిగినప్పుడు మర్యాదగానే ఉంది. కుర్రతనపు, అని. ఎనభైలకల్లా తిట్టయిపోయింది."

"ఇరవై ఏళ్ళలోనా! ఏమైందండి దానికి?"

"ఏమవుతుంది? పెద్దవాళ్ళ నోట్లో పడింది."

ఇద్దరూ కాసేపు ఆ మాట కోసం విచారించారు. లోపల్నుంచి మజ్జిగ వచ్చింది. బుల్లబ్బాయి గారు వద్దండి అన్నారు. మాస్టారు వినిపించుకోలేదు, గ్లాసు చేతిలో పెట్టారు.

"ఇంకోటి ఉందయ్యా. రోములో బానిసని కూడా ప్యూయెర్ అనే పిలిచేవారు. డెబ్భై ఏళ్ళ ముసలాడైనా సరే, ఒరే అబ్బాయ్ అనే."

"మనవైపు కామందులని అంటాం కదండీ అబ్బాయిగారని!"

"అదే చెప్తున్నా. మాట ఒకటే, అక్కడ తొక్కడానికి, ఇక్కడ ఎక్కించడానికి. మరి బానిస్ని పిల్లాడని ఎందుకన్నారంటావ్? ఇది పుస్తకంలో లేదు, నా సొంత ఊహ. పిల్లాడిలాగే వాడికీ సొంతంగా ఏదీ లేదు, అన్నిటికీ ఇంకొకళ్ళ మొహం చూడాలి కాబట్టి. కానీ తేడా ఉంది. పిల్లాడు నోరారా అడుగుతాడు. దొర్లి దొర్లి ఏడ్చి మరీ అడుగుతాడు. బానిస అడగలేడు. అడగలేనోణ్ణి పట్టుకుని పిల్లాడనడం పిల్లలకి అవమానం." మాస్టారు కళ్ళజోడు తీసేశారు. "ఇంతకీ ఏం అడుగుదామని మంచం వేయిస్తున్నావ్?"

ముప్పై ఆరేళ్ళలో, కాదు, యాభై మూడేళ్ళలో ఆ ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగిన మొదటి మనిషి ఆయన. బుల్లబ్బాయి గారు గ్లాసు కింద పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పేశారు. కూత, గొలుసు, ఉగాది, పాతినుము అన్నీ.

మాస్టారు డిక్షనరీ మూసి గుడ్డ కప్పారు. "ఆ కూతకి ముప్పై ఒక్క ఏళ్ళు పాఠాలు ఆపాను," అన్నారు. "ఎవడు లాగుతున్నాడో అని రోజూ అసూయగా ఉండేది. నీ అలక ఎన్ని గంటలకి?"

"భోజనాలకి ముందండి."

"వస్తాను. బతిమాలడానికి మాత్రం కాదు."

ఆదివారం నాడు దేవిశ్రీ, అల్లుడు గణేష్‌బాబు వచ్చారు. వస్తూనే దేవిశ్రీ చెప్పులైనా విడవకుండా మొదలెట్టింది.

"నాన్నా, మా హెచ్‌ఓడీ మేడం వస్తున్నారు. స్టాఫంతా వస్తున్నారు. నువ్వు మంచం మీద మూతి ముడుచుకుని కూర్చుంటే ఎవడో ఒకడు రీల్ తీస్తాడు. నేను క్లాసులో సైలెన్స్ అంటేనే దానికి మ్యూజిక్ పెట్టి తిప్పుతున్నారు వెధవలు. ఇది దొరికిందంటే నేను ఉద్యోగం మానుకోవాలి."

"మీ పెళ్ళిలో గణేష్‌బాబు గారు అలిగారు కదమ్మా," అన్నారు బుల్లబ్బాయి గారు మెల్లిగా. "నిమిషంన్నర అలిగారు. ఐఫోన్ పట్టుకెళ్ళారు. అప్పుడెవరూ ఏమీ అనలేదు."

గణేష్‌బాబు జేబులో ఫోను కొంచెం లోపలికి తోసుకున్నాడు.

"అది ట్రెడిషన్ నాన్నా! ఇది..."

"ప్యూరైల్," అన్నారు బుల్లబ్బాయి గారు. "పదహారు వందల ఎనభై దాకా పర్లేదమ్మా అది."

లెక్చరర్‌గా తొమ్మిదేళ్ళు చేసిన అమ్మాయికి, తను వాడిన మాట పుట్టినతేదీని తండ్రి తనకే చెప్పడం ఇదే మొదలు. మొహం మాత్రం కందగడ్డలా ఉంది. కళ్ళల్లో నీళ్ళు కూడా కొంచెం ఉన్నాయేమో. అది చూశారు ఆయన. అంతే, లోపలున్న మొహమాటం గట్టు తెగిన కాలవలా పొంగింది.

"సర్లేమ్మా. మంచం వద్దు. నాకేమీ వద్దు."

వంటింట్లోంచి గరిటె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. రామతులసి గారు బయటికొచ్చారు.

"ఏంటండీ అన్నారు?"

"ఏమీ లేదు. ఏమీ వద్దంటున్నాను."

"ముప్పై ఆరేళ్ళండి," అన్నారు రామతులసి గారు, ఎవరితోనో కాదు, ఇంటి దూలంతో చెబుతున్నట్టు. "ఏం కూర వండమంటారంటే ఏదైనా పర్లేదు. ఏ ఊరెళ్దామంటే మీ ఇష్టం. ఈ మనిషికి ఏం కావాలో ఊహించుకోవడమే నా బతుకు. ఆనపకాయంటే ప్రాణమనుకుని పదకొండేళ్ళు వారానికి మూడుసార్లు వండాను. అసలు పడదని పన్నెండో ఏట వాళ్ళక్కగారు చెప్పారు. పదకొండేళ్ళండి! ఒక్కరోజు ముద్ద మింగలేక కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఏంటంటే, కారం బాగా కుదిరిందన్నారు." ఆవిడ కూతురి వైపు తిరిగారు. "మీ నాన్న పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఏదో అడుగుతానన్నారు. అదేంటో నాకు తెలియాలి. మంచం వెయ్యాల్సిందే. నీ ప్యూరైలో గీరైలో, అయితే అవనీ."

"అమ్మా, హెచ్‌ఓడీ మేడం..."

"ఆవిణ్ణి కూడా బతిమాలమను. చదువుకున్నావిడ కదా, బాగా బతిమాలుతుంది."

షష్టిపూర్తి వైభవంగా జరిగింది. కలశాలతో స్నానాలయ్యాయి, మళ్ళీ మాంగల్యధారణ అయింది. పంతులుగారిని అలకపాన్పు గురించి అడిగితే, "షష్టిపూర్తిలో అలాంటిది శాస్త్రంలో లేదండి" అన్నారు. మరి పెళ్ళిలో ఉందా అంటే, "అక్కడా లేదండి. అక్కడ చేసుకుంటున్నారు కాబట్టి ఇక్కడా చేసుకోవచ్చు" అని తేల్చారు. పందిరి కింద, ఇంటి గోడకి కాస్త ఎడంగా పట్టెమంచం వేసి, కొత్త దుప్పటి పరిచారు. అరవై ఏళ్ళ పెళ్ళికొడుకు పట్టుపంచెతో ఎక్కి కూర్చున్నారు. హెచ్‌ఓడీ మేడం ముందు వరసలో ఉన్నారు. ఫిన్నీ మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నడవడానికి సిద్ధంగా గుమ్మం దగ్గరే కుర్చీ వేయించుకున్నారు.

మూతి ముడిచారు. వరసగా వచ్చి బతిమాలడం మొదలైంది. కాకినాడ పిన్నిగారు వచ్చి, "అలక మానండి నాయనా" అంటే, "అలాగేనండి" అన్నారు. జనం గొల్లుమన్నారు. "ఒప్పుకోకూడదండీ! బిగించుకోవాలి!" అని వెనకనుంచి సలహాలు. ఒక పెద్దాయన రెండు చేతులూ పట్టుకుంటే, "కూర్చోండి, కాఫీ తాగారా?" అన్నారు. అలక అటు సాగదు, ఇటు ఆగదు.

అమ్మిరాజు వచ్చాడు. అచ్చం తండ్రి పోలికే, ఆరడుగులు, తెల్ల పంచె. రెండు చేతులూ జోడించాడు. "ఏం కావాలి బావగారూ?"

బుల్లబ్బాయి గారి మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. "అబ్బే, ఏమీ..."

వెనక నిలబడ్డ రామతులసి గారు భుజం మీద చెయ్యి వేసి కిందకి నొక్కారు. మోకాళ్ళు మళ్ళీ మంచానికి ఆనాయి. ఆయన పట్టుపంచె మడత సర్దుకున్నారు, మళ్ళీ సర్దుకున్నారు. పందిరంతా ఎదురుచూస్తోంది. అప్పుడు దేవిశ్రీ గబగబా వచ్చి మంచం దగ్గర వంగి, పళ్ళ బిగువున అంది:

"నాన్నా, తొందరగా ఏదో ఒకటి అడిగేసి లే. వాచీ అను, ఫోనను, ఏదోటి. అందరూ చూస్తున్నారు."

ఏదోటి.

బుల్లబ్బాయి గారు కూతుర్ని చూశారు. ఒకసారి పందిరి గుంజని చూశారు. తర్వాత నెమ్మదిగా, రెండు కాళ్ళూ మంచం మీదికి తీసుకుని, ఇటు వీపు పెట్టి, గోడ వైపు తిరిగిపోయారు.

పందిట్లో నవ్వులు ఆగాయి. అప్పటిదాకా ఉన్న అలకకీ దీనికీ తేడా చిన్నపిల్లలక్కూడా తెలిసిపోయింది. ఇందాకటిది ముడిచిన మూతి. ఇప్పుడు కింది పెదవి తనంతట తనే ముందుకొచ్చింది, గడ్డం మీద చిన్న గుంట పడింది. దేవిశ్రీకి ఆ వీపు ఎక్కడో చూసినట్టనిపించింది. తన కూతురు హారతి, ఆరేళ్ళది, సరిగ్గా ఇలాగే గోడ వైపు తిరుగుతుంది. అలా తిరిగినప్పుడు అరిచి లాభం లేదని, ఎవరు చూస్తున్నారన్నది దానికి లెక్కే లేదని దేవిశ్రీకి అనుభవం.

ఆ అమ్మాయి పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మంచానికి అవతలి పక్కకి వెళ్ళి, నేల మీద కూర్చుంది. హెచ్‌ఓడీ మేడాన్ని మర్చిపోయింది.

"నాన్నా. ఏం కావాలి?"

ఆయన దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటున్నారు.

"నిజంగా అడుగుతున్నా. ఏం కావాలి నా బంగారు నాన్నకి?"

"ఇవ్వరు."

"అడుగు ముందు."

"ఇవ్వరులే. నవ్వుతారు."

"నవ్వితే నేను చూసుకుంటా వాళ్ళ సంగతి. అడుగు."

గోడకి చెబుతున్నట్టు వినిపించింది. "మిల్లు కూత వెయ్యాలి. నేనే వెయ్యాలి. గొలుసు పట్టుకుని."

ఎవరూ నవ్వలేదు. రామతులసి గారు చీరకొంగు నోటికడ్డం పెట్టుకున్నారు గానీ అది నవ్వో ఇంకోటో చెప్పలేం. "కూతా?" అంటున్నారావిడ. "ఇన్నేళ్ళూ కూతాండీ!"

అమ్మిరాజు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అదా బావగారూ! ఆ మాట అప్పుడే అనుంటే మా నాన్న రోజుకి రెండు పూట్లా మీ చేతే వేయించేవారు కదండీ! ఆ మనిషికి మోకాళ్ళ నొప్పులు. గొలుసు దాకా ఎక్కలేక తిట్టుకుంటూ ఎక్కేవాడు. ఉంగరం చేయించాం కదండీ మేం, అనవసరంగా!" ఫోను తీసి మిల్లుకి కొట్టాడు. "ఒరే, బాయిలర్లో ఆవిరుందా? ఉంటే ఆపకు. వస్తున్నాం. ఎంతమందిమా? అందరం."

రెండు వందల మంది, పట్టుబట్టల్లో, సన్నాయి మేళం ముందు నడుస్తుండగా కాలవ వంతెన దాటారు. పంతులుగారు కూడా వచ్చారు, దీనికీ శాస్త్రంలో అభ్యంతరం కనబడలేదని. వంట మధ్యలో వదిలేసి వంటవాళ్ళొచ్చారు. ఫిన్నీ మాస్టారు తన చేతికర్ర ఉందన్న సంగతి మరిచి ముందు వరసలో ఉన్నారు.

ఇనప మెట్లు నాలుగెక్కి బుల్లబ్బాయి గారు గొలుసు అందుకున్నారు. చల్లగా, బరువుగా, కొంచెం తుప్పుగా ఉంది. అనుకున్నదాని కంటే కిందికే ఉంది. ఏడేళ్ళప్పుడు అది ఆకాశంలో ఉండేది. కళ్ళు మూసుకుని లాగారు.

'ఫుస్స్' మంది. గొట్టంలోంచి పిచ్చుక గూడు గడ్డి, పన్నెండేళ్ళ దుమ్మూ లేచి పట్టుపంచె మీదా, పంతులుగారి మీదా, హెచ్‌ఓడీ మేడం జడ మీదా సమానంగా పడ్డాయి. "లాగండి బావగారూ, ఇంకా గట్టిగా!" అని అమ్మిరాజు కింద నుంచి అరుస్తున్నాడు. బుల్లబ్బాయి గారు రెండు చేతులతో, మొత్తం బరువు వేసి, మెట్టు మీంచి పాదాలు లేచేలా లాగారు.

కూత కూసింది.

మూడు ఊళ్ళ మీదా కూసింది. చెవులు మూసుకున్నవాళ్ళు మూసుకోగా మిగిలినవాళ్ళకి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. టైము పదకొండుంపావు. రెండో పంట దాళ్వా చేలల్లో కలుపు తీస్తున్న వీరమ్మ, అరవై దాటిన మనిషి, నడుం ఎత్తి చేతులు కడుక్కుని, టిఫిను క్యారేజీ విప్పేసింది. ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళూ విప్పారు. అరుగు మీద పేకాడుతున్నవాళ్ళు ముక్కలు మూసేసి లేచాక గానీ ఎందుకు లేచారో వాళ్ళకి తెలీలేదు. ఆ రోజు మూడు ఊళ్ళు గంటా నలభై ఐదు నిమిషాలు ముందుగా అన్నం తిన్నాయి. ఫిన్నీ మాస్టారు గాల్లో కనబడని సుద్దముక్కని కింద పెట్టి, "క్లాస్ అయిపోయింది, పోండి" అని రెండు వందల మందికీ చెప్పారు.

కింద ఒక వరస తయారైంది. ఎవరూ తయారు చెయ్యలేదు, అదే తయారైంది. మాస్టారు ముందున్నారు, ఆయన వెనక హెచ్‌ఓడీ మేడం, ఆవిడ వెనక పంతులుగారు, ఫోను జేబులో పెట్టేసి గణేష్‌బాబు. "మీరు ముందెళ్ళండి", "అబ్బే, మీరు పెద్దవారు, మీరెళ్ళండి" అని అప్పుడే మర్యాదలు మొదలయ్యాయి. దేవిశ్రీ ఆ మర్యాదలన్నీ దాటుకుని, చెప్పులు విడిచి, మెట్లెక్కేసింది. కళ్ళ కాటుక చెంపల దాకా వచ్చింది. చెయ్యి చాపింది.

"నాన్నా, ఒక్కసారి నాకియ్యవా! ఒక్కటంటే ఒక్కసారి!"

కింద నుంచి అమ్మిరాజు కూడా మొదలెట్టాడు. "పిల్లదానికివ్వండి బావగారూ. మీదయింది కదా. వెనక మేడంగారు కూడా నిలబడ్డారు."

బుల్లబ్బాయి గారు కూతుర్ని చూశారు, కింద వరసని చూశారు. పెద్దలు, స్త్రీలు, అతిథులు, గురువుగారు. గొలుసుని రెండు చేతులతో గుండెలకి దగ్గరగా లాక్కున్నారు.

"ఇవ్వనండి," అన్నారు ఎంతో మర్యాదగా. మళ్ళీ లాగారు.